మాట్రిక్స్‌ అయిపోయింది... లీనియర్‌ ఆల్జీబ్రా ఎప్పుడు?

ఇంజినీరింగ్‌ ఫస్టియర్‌లో చేరగానే సీనియర్లు ఇచ్చే సలహాల్లో ఇదొకటి: ‘ఎం-1లో మాట్రిక్స్‌ గట్టిగా పట్టుకో, మార్కులు ఎక్కడికీ పోవు’. సలహా తప్పేం కాదు. ర్యాంక్‌ అడిగితే ఎషిలాన్‌ ఫామ్‌. ఐగెన్‌ వాల్యూలు అడిగితే క్యారెక్టరిస్టిక్‌ ఈక్వేషన్‌. ఇన్వర్స్‌ అడిగితే కేలీ-హామిల్టన్‌. నాలుగైదు మోడళ్లు పదేసిసార్లు చేస్తే పరీక్ష గట్టెక్కుతుంది, మంచి మార్కులూ వస్తాయి. చిక్కంతా రెండేళ్ల తర్వాత మొదలవుతుంది. మూడో ఏడాదిలో మెషీన్‌ లెర్నింగ్‌ పుస్తకం తెరుస్తారు. ప్రిన్సిపల్‌ కాంపొనెంట్‌ అనాలిసిస్‌ దగ్గర ఐగెన్‌ వెక్టర్‌ అన్న మాట ఎదురవుతుంది. దాన్ని కనుక్కోవడం మీకు వచ్చు. అది ఇక్కడికి ఎందుకొచ్చిందో మాత్రం అర్థం కాదు. పాత నోట్సు వెతికితే అందులో లెక్కలుంటాయి, జవాబు ఉండదు.

ఇది మీరు చదవకపోవడం వల్ల వచ్చిన తిప్పలు కావు. సెమిస్టర్‌ పొడవునా ఈ కోర్సు నడిచే తీరులోనే తేడా ఉంది. లీనియర్‌ ఆల్జీబ్రాలో కష్టం పదహారు వారాలకూ సమానంగా పరచుకుని ఉండదు. మొదటి నెలంతా సాఫీగా సాగుతుంది. చివర్లో కూడా పెద్దగా ఇబ్బంది ఉండదు. మధ్యలో, సుమారు ఐదో వారం నుంచి ఏడో వారం దాకా, ఓ ఇరుకు సందు వస్తుంది. స్పాన్‌, లీనియర్‌ ఇండిపెండెన్స్‌, బేసిస్‌, డైమెన్షన్‌ అన్న నాలుగు మాటలూ అక్కడే ఉంటాయి. ఆ సందు నిదానంగా దాటినవాళ్లకు మిగతా కోర్సు దానంతటదే తెరుచుకుంటుంది. మన క్యాలెండర్‌ మాత్రం సరిగ్గా అక్కడే పరుగు పెట్టిస్తుంది. బీటెక్‌లో అయితే చాలాచోట్ల ఆ సందులోకే వెళ్లకుండా పక్క నుంచి తీసుకెళ్లిపోతుంది.

అసలు మొదటి వారాల్లో ఏం జరుగుతుందో చూడండి. ఎంసెట్‌ పోయి ఈఏపీసెట్‌ వచ్చినా కౌన్సెలింగ్‌ విడతలు పోలేదు. ఓ పక్క క్లాసులు మొదలవుతాయి, ఇంకో పక్క రెండో విడత, మూడో విడత, స్పాట్‌ అడ్మిషన్లు నడుస్తుంటాయి. బ్రాంచి మారేవాళ్లు, కాలేజీ మారేవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. చాలా కాలేజీల్లో ఎం-1 మొదటి యూనిట్‌ మాట్రిక్సే. అంటే ఆలస్యంగా చేరినవాళ్లు పోగొట్టుకునేది ఈ పునాదినే. ‘ఇంటర్లో చేసిందే కదా’ అని ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. నిజమే, ఇంటర్‌ 1ఏలో క్రేమర్‌ పద్ధతి, గాస్‌-జోర్డాన్‌, ర్యాంక్‌ అన్నీ ఉన్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు. చేతికి అలవాటైన లెక్క మళ్లీ చేస్తుంటే కోర్సు అర్థమవుతోందనే అనిపిస్తుంది.

ఈ దశలో గాస్‌ ఎలిమినేషన్‌కు రెండు వారాలు చాలు. కానీ ఆ రెండు వారాల్లో ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: క్రేమర్‌ పద్ధతి ఉండగా ఇదెందుకు? 20 చలరాశులున్న 20 సమీకరణాలు తీసుకోండి. నిర్ధారకాన్ని నిర్వచనం ప్రకారం విస్తరిస్తే 20 ఫ్యాక్టోరియల్‌ పదాలు వస్తాయి, అంటే 2.4 తర్వాత పద్దెనిమిది స్థానాల సంఖ్య. సెకనుకు వంద కోట్ల పదాలు లెక్కించే కంప్యూటర్‌ దొరికినా, ఒక్క నిర్ధారకానికి 77 ఏళ్లు పడుతుంది. క్రేమర్‌కు అలాంటివి 21 కావాలి. అదే ఎలిమినేషన్‌తో అయితే సుమారు మూడు వేల గుణకారాలతో పని పూర్తవుతుంది. ఈ లెక్క బోర్డు మీద వేయడానికి ఐదు నిమిషాలు పట్టదు. ‘మెథడ్‌ ఏది వాడినా ఆన్సర్‌ ఒకటే కదా సార్‌’ అనే మాట ఆ తర్వాత క్లాసులో వినపడదు.

ఆ తర్వాతే సందు మొదలవుతుంది. అమెరికాలో ఎంఐటీలో గిల్బర్ట్‌ స్ట్రాంగ్‌ అనే ప్రొఫెసర్‌ దశాబ్దాల పాటు ఈ కోర్సు చెప్పారు. 2023 మేలో చివరి క్లాసు చెప్పి రిటైరయ్యారు. 1999లో రికార్డు చేసిన ఆయన లెక్చర్లు ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మొట్టమొదటి క్లాసులోనే ఆయన ఒకే సమీకరణాల గుంపును రెండు రకాలుగా చూడమంటారు. ఒకటి అడ్డు వరుసల వైపు నుంచి, రెండోది నిలువు వరుసల వైపు నుంచి. మనం ఇంటర్‌ నుంచి అలవాటు పడింది మొదటిది మాత్రమే.

అడ్డు వరుసల చూపుకి టిఫిన్‌ బిల్లు చాలు. రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక దోశ కలిపి 130 రూపాయలు. మర్నాడు నాలుగు ప్లేట్ల ఇడ్లీ, రెండు దోశలు కలిపి 260. ఇడ్లీ ధరెంత? చెప్పలేం. చేతిలో రెండు బిల్లులున్నాయి కానీ రెండోది కొత్త సంగతేమీ చెప్పలేదు. ర్యాంక్‌ ఒకటి. అదే రెండో బిల్లు 250 అని ఉంటే? ఒకే ధరలతో ఆ రెండు బిల్లులూ రావు కాబట్టి ఎక్కడో తేడా జరిగింది, జవాబే లేదు. ‘నాన్‌ జీరో రోల సంఖ్యే ర్యాంక్‌’ అని రాస్తే రెండు మార్కులు వస్తాయి. నిజంగా కొత్త మాట చెప్పిన బిల్లులెన్ని అని అడిగితే అసలు విషయం తెలుస్తుంది.

నిలువు వరుసల చూపు కొంచెం కొత్త. దీనికి ఎరువుల దుకాణానికి వెళ్దాం. మీలో చాలామంది ఇళ్లలో ఈ బస్తాలు తెలిసినవే. బస్తా మీద మూడు అంకెలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్‌ శాతాలు. యూరియా 46-0-0. డీఏపీ 18-46-0. మ్యూరియేట్‌ ఆఫ్‌ పొటాష్‌ 0-0-60. ఒక్కో బస్తా ఒక్కో వెక్టర్‌ అన్నమాట. పొలానికి కావాల్సిన మోతాదు ఇంకో వెక్టర్‌. ఏది ఎన్ని పాళ్లు కలిపితే ఆ మోతాదు వస్తుంది? సమీకరణాలను సాధించడమంటే ఇదే. యూరియా, డీఏపీ మాత్రమే ఉంటే ఎంత కలిపినా పొటాష్‌ సున్నానే. ఆ రెంటితో చేరగలిగిన మిశ్రమాలన్నీ ఒక ప్లేన్‌లో ఉంటాయి. ఆ ప్లేనే వాటి స్పాన్‌. పొటాష్‌ బస్తా వచ్చి చేరితే మూడో దిక్కు తెరుచుకుంటుంది.

ఇప్పుడు దుకాణదారు 28-28-0 బస్తా చూపించి ఇది కూడా ఉందన్నాడు. కొత్త బస్తానే, కానీ కొత్త దిక్కు కాదు. డీఏపీ సుమారు 0.61 వంతు, యూరియా 0.37 వంతు కలిపితే అవే అంకెలు వచ్చేస్తాయి. 17-17-17 తెచ్చినా అంతే, 14-35-14 తెచ్చినా అంతే. దుకాణంలో ఎన్ని రకాల కాంప్లెక్స్‌ ఎరువులు పేర్చినా, మూడు అంకెలతో చూసినంత కాలం ర్యాంక్‌ మూడు దాటదు. మిగతా బస్తాలు ఈ మూడింటి మీద ఆధారపడినవే, అవే డిపెండెంట్‌. ఈ మూడూ మాత్రం ఒకదాని మీద ఒకటి ఆధారపడవు కాబట్టి ఇండిపెండెంట్‌. అన్నింటినీ చేరుకోగలవు కూడా, కాబట్టి బేసిస్‌. అలాంటివి ఎన్ని కావాలో ఆ సంఖ్యే డైమెన్షన్‌. బేసిస్‌కు ఈ మూడు బస్తాలే ఉండాలని లేదు, డీఏపీ బదులు 28-28-0 పెట్టుకున్నా పని జరుగుతుంది. కానీ ఏవి పెట్టుకున్నా మూడే కావాలి. రెండు చాలవు, నాలుగు ఎక్కువ.

ఇక్కడ ఆగి మరో బస్తా చూడండి, 20-20-0-13. నాలుగో అంకె గంధకం. గంధకాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే యూరియా, డీఏపీ, పొటాష్‌ ఎంత కలిపినా ఆ 13 రాదు. కాబట్టి ఇది నిజంగా కొత్త దిక్కు, ర్యాంక్‌ నాలుగవుతుంది. ఇంకో తమాషా 10-26-26లో ఉంది. అందులోని భాస్వరం మొత్తం డీఏపీ నుంచే తేవాలంటే నత్రజని 10 దాటి 10.17 దాకా వచ్చేస్తుంది. లెక్క సరిపోవాలంటే యూరియా పాలు కొద్దిగా మైనస్‌లో ఉండాలి. లీనియర్‌ ఆల్జీబ్రాకు మైనస్‌తో అభ్యంతరం లేదు. రైతుకు ఉంది, మైనస్‌ బస్తా పొలంలో చల్లలేం కదా. ఆ అభ్యంతరాన్ని పట్టించుకునే సబ్జెక్టు లీనియర్‌ ప్రోగ్రామింగ్‌. పైసెమిస్టర్లలో ఎదురైనప్పుడు గుర్తుచేసుకోండి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. 1993లో డేవిడ్‌ కార్ల్‌సన్‌ అనే అమెరికన్‌ గణితాచార్యుడు కాలేజ్‌ మ్యాథమేటిక్స్‌ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. లీనియర్‌ ఆల్జీబ్రా బోధనలో పొగమంచు ఎప్పుడూ కమ్ముకోవాల్సిందేనా అన్నది దాని శీర్షికలోని ప్రశ్న. సమీకరణాల సాధన, మాట్రిక్స్‌ గుణకారం విద్యార్థులు హాయిగా చేసేస్తారు. సబ్‌స్పేస్‌, స్పాన్‌, ఇండిపెండెన్స్‌ దగ్గరకు రాగానే మంచు దిగినట్టు ఏమీ కనపడకుండా పోతుంది అన్నది ఆయన గమనిక. అంతకు ముందే, 1990లో, అమెరికాలో కొందరు ఆచార్యులు లీనియర్‌ ఆల్జీబ్రా కరికులం స్టడీ గ్రూప్‌గా ఏర్పడ్డారు. మొదటి కోర్సు మాట్రిక్స్‌ ఆధారంగా, ఈ సబ్జెక్టును వాడుకునే ఇతర శాఖల అవసరాలు చూసుకుని సాగాలని సూచించారు. అంటే ఈ ఇబ్బంది మన విద్యార్థులది మాత్రమే కాదు. తేడా ఏమిటంటే, అక్కడ మంచు ఎక్కడ దిగుతుందో గుర్తించి చర్చ పెట్టారు. మన దగ్గర బీటెక్‌లో ఆ మలుపే సిలబస్‌లో పలచబడిపోయింది. బీఎస్సీలో దానికి తిరగబడ్డ తప్పు. అక్కడ మొదటి రోజే వెక్టర్‌ స్పేస్‌ నిర్వచనం, దాని ఆక్సియమ్స్‌ వరసగా రాయిస్తారు. మంచు ఐదో వారం దాకా ఆగకుండా మొదటి గంటలోనే దిగిపోతుంది. నా ఓటైతే ఎరువుల బస్తా ముందు, ఆక్సియమ్‌ తర్వాత. నిర్వచనం అక్కర్లేదని కాదు. ఏ వస్తువుకు నిర్వచనం ఇస్తున్నారో ముందు కంటికి కనపడాలి.

క్యాలెండర్‌ సంగతికి వద్దాం. ఐదారు వారాలు గడిచేసరికి మొదటి మిడ్‌ దగ్గరపడుతుంది. సిలబస్‌ అయిపోవాలి. సెక్షన్‌లో అరవై మందికి పైగా ఉంటారు. లెక్చరర్‌కు ఇంకో రెండు సెక్షన్లు, వాటి పైన అక్రెడిటేషన్‌ ఫైళ్లు. అందరూ కలిసి ‘ఇంపార్టెంట్‌ క్వశ్చన్స్‌’ దగ్గర రాజీ పడతారు. ఇందులో ఒకరిని నిందించి లాభం లేదు, ఈ రాజీ విద్యార్థికీ సుఖంగానే ఉంటుంది. కానీ యూనివర్సిటీ ప్రశ్నపత్రం చేతిలో లేకపోయినా మిడ్‌ పేపర్‌, అసైన్‌మెంట్‌ కొంతవరకు లెక్చరర్‌ చేతిలోనే ఉంటాయి. లెక్క చేయనక్కర్లేని ఒక్క ప్రశ్న అందులో పెట్టొచ్చు. ఉదాహరణకు: కుడివైపు అన్నీ సున్నాలున్న మూడు సమీకరణాలు, ఐదు చలరాశులు. అన్నీ సున్నా కాని సాధన కచ్చితంగా ఉంటుందా? మాటల్లో చెప్పండి. లేదా: మాట్రిక్స్‌కు కొత్తగా ఒక నిలువు వరుస చేర్చితే ర్యాంక్‌ తగ్గగలదా? రెండు పెరగగలదా? ఎరువుల దుకాణం గుర్తున్నవాళ్లకు రెండో ప్రశ్న అర నిమిషం పని. మొదటిది మీరే ఆలోచించండి. జవాబు ‘ఉంటుంది’. ఎందుకన్నది రెండు వాక్యాల్లో రాయగలిగితే సందు సగం దాటినట్టే.

మీ లెక్చరర్‌ ఇవి అడగకపోతే? మీరే అడగండి, లేదా నలుగురు కూర్చుని ఒకరినొకరు అడగండి. వారానికి ఒక్క గంట చాలు. షరతు ఒక్కటే, ఆ గంటలో పెన్ను పట్టుకుని రో ఆపరేషన్లు చేయకూడదు, మాట్లాడుకోవాలి. యూట్యూబ్‌లో యానిమేషన్‌తో చక్కగా చెప్పే వీడియోలు బోలెడున్నాయి, చూడండి. కాకపోతే వీడియో చూసేటప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆపేశాక పక్కవాడికి చెప్పబోతే అసలు సంగతి బయటపడుతుంది.

‘ఇదంతా పరీక్షలో రాదు కదా’ అంటారా? ఏ పరీక్షలో? 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్‌ అండ్‌ ఆర్టిఫిషియల్‌ ఇంటెలిజెన్స్‌ పేపర్‌ వచ్చింది. దాని లీనియర్‌ ఆల్జీబ్రా సిలబస్‌ మొదలయ్యేదే వెక్టర్‌ స్పేస్‌, సబ్‌స్పేస్‌, డిపెండెన్స్‌-ఇండిపెండెన్స్‌తో. ఆపై ప్రొజెక్షన్లు, నల్లిటీ, సింగ్యులర్‌ వాల్యూ డీకంపొజిషన్‌. ఎం-1లో మనం పక్క నుంచి దాటించిన సందు అక్కడ గుమ్మం దగ్గరే ఉంది. మూడో ఏడాది వేసవిలో కోచింగ్‌కు డబ్బు కట్టి మళ్లీ నేర్చుకోవడమా, ఇప్పుడు మూడు వారాలు నిదానంగా నడవడమా అన్నది మీరు తేల్చుకోవాల్సిన లెక్క.

సందు దాటాక మిగతాది వేగంగానే పోవచ్చు. నిర్ధారకాలకు ఒక వారం ఎక్కువే. కేలీ-హామిల్టన్‌ అందమైన సిద్ధాంతం, కాదనను. కానీ దాంతో ఇన్వర్స్‌ కనుక్కోవడం మీద మన పేపర్లకు ఉన్న మోజు ఆ సిద్ధాంతానికి ఉన్న విలువ కన్నా పెద్దది. ఆ సమయాన్ని ఐగెన్‌ వెక్టర్‌ అంటే ఏమిటో చూడటానికి పెట్టండి.

రెండు మొబైల్‌ నెట్‌వర్క్‌లున్నాయనుకోండి. ఏటా మొదటిదాని వాళ్లలో 10 శాతం రెండోదానికి మారతారు. రెండోదాని వాళ్లలో 20 శాతం మొదటిదానికి వస్తారు. చివరికి ఎవరి వాటా ఎంత? మొదట్లో అందరూ రెండో నెట్‌వర్క్‌లోనే ఉన్నా సరే, పోనుపోను వాటాలు 2:1 దగ్గర స్థిరపడతాయి. అక్కడికి చేరాక మారేవాళ్లు మారుతూనే ఉంటారు, వాటాలు మాత్రం కదలవు. మాట్రిక్స్‌ గుణించినా కదలని ఆ వాటాలే ఐగెన్‌ వెక్టర్‌, దాని ఐగెన్‌ వాల్యూ 1. ఇంకో ఐగెన్‌ వాల్యూ 0.7. స్థిరస్థితి నుంచి ఎంత దూరంలో ఉన్నామో ఆ దూరం ఏటా 0.7 వంతుకు తగ్గుతుందని అది చెబుతుంది. పదేళ్లకు మొదటి దూరంలో 3 శాతం కూడా మిగలదు. సెర్గీ బ్రిన్‌, లారీ పేజ్‌ స్టాన్‌ఫోర్డ్‌లో ఉండగా 1998లో ప్రకటించిన పేజ్‌ర్యాంక్‌ కూడా ఈ కుటుంబంలోదే. అక్కడ చందాదారుల బదులు లింకుల మీదుగా వెబ్‌పేజీల మధ్య తిరిగే పాఠకుడు ఉంటాడు. ఆ స్థిరమైన వాటాలను బట్టే ఏ పేజీకి ఎంత ప్రాధాన్యమో లెక్క.

చివరి నెలలో ప్రొజెక్షన్‌, లీస్ట్‌ స్క్వేర్స్‌ చాలా కోర్సుల్లో అసలు రానే రావు. అవకాశం ఉంటే వీటిని వదలకండి. సమీకరణాలు వంద, చలరాశులు రెండు. కచ్చితమైన సాధన లేదు. అయితే చేరగలిగిన ప్లేన్‌లో, కావాల్సిన చోటికి అతి దగ్గరి బిందువేది? డేటాకు సరళరేఖ గీయడమంటే ఇదే. ఇక్కడ మళ్లీ ఆ 28-28-0 బస్తా అడ్డొస్తుంది. నిలువు వరుసలు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే జవాబు ఒక్కటిగా రాదు, కావాల్సిన ఇన్వర్స్‌ ఉండదు. గణాంక శాస్త్రంలో ఇలాంటి పరిస్థితి తరచూ వస్తుంది. ఇన్వర్స్‌ లేనిచోట దాని పని చేసిపెట్టే జనరలైజ్డ్‌ ఇన్వర్స్‌ మీద మన సీఆర్‌ రావు ఎంతో కృషి చేశారు. సుజిత్‌ కుమార్‌ మిత్రాతో కలిసి 1971లో దాని మీద పుస్తకమే తెచ్చారు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఈ తెలుగువాడు మ్యాథ్స్‌లో ఎంఏ చేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. ఇన్వర్స్‌ కనుక్కోమంటే సింగ్యులర్‌ మాట్రిక్స్‌ చూసి ‘నాట్‌ పాజిబుల్‌’ అని రాసి పేజీ తిప్పేస్తాం కదా, ఆయన పని మొదలైంది అక్కడే.

కంప్యూటర్‌ను కూడా మొదటి నెల నుంచే పక్కన పెట్టుకోండి. పైథాన్‌, అందులోని నమ్‌పై లైబ్రరీ ఉచితం. లెక్కలు అది చేస్తుంది. మూడు వరసల దాకా చేత్తో చేసి, ఆ పైవి దానికి వదిలేయండి. సెమిస్టర్‌ చివర్లో సెలవు రోజున ఒక పని చేసి చూడండి. మీ స్నేహితుడి బ్లాక్‌ అండ్‌ వైట్‌ ఫొటో ఒకటి, వెయ్యి పిక్సెళ్ల పొడవు, వెయ్యి వెడల్పుతో తీసుకోండి. అదొక మాట్రిక్స్‌, పది లక్షల అంకెలు. దానికి సింగ్యులర్‌ వాల్యూ డీకంపొజిషన్‌ చేసి, పెద్ద సింగ్యులర్‌ వాల్యూలు 50 మాత్రం ఉంచి మళ్లీ ఫొటో కట్టండి. దాచాల్సిన అంకెలు 1,00,050. అంటే సుమారు పదో వంతు. తర్వాత 50ని 20 చేయండి, 10 చేయండి, 5 చేయండి. ఏ ర్యాంక్‌ దగ్గర మీ స్నేహితుడి ముఖం గుర్తుపట్టలేకుండా పోయిందో కాగితం మీద రాసుకుని, సోమవారం క్లాసులో మిగతావాళ్లకు ఎంత వచ్చిందో అడగండి.